మట్టితో ఇచ్చిన నారు

మా చేను గేటు దగ్గర ఒక సిమెంటు తొట్టి ఉంది. అందులో బ్లీచింగు కలిపిన నీళ్లుంటాయి. లోపలికి వచ్చేవాళ్లు ఎవరైనా చెప్పులతో సహా అందులో కాళ్లు ముంచి రావాలి. పార, కొడవలి, గంప, ఏదైనా సరే కడగనిదే గేటు దాటనివ్వను. కూలికి వచ్చే ఆడవాళ్లు నవ్వుతారు. "చేనుకచ్చినమా, గుడికచ్చినమా అక్కా?" అంటారు. మా ఆయన ఇంకో మాట అంటాడు. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టున్నది నీ కథ." ఆ మాట నిజం. అందుకే ఆయన మీద కోపం వస్తుంది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని.

నేను మందమర్రిలో, బొగ్గు బాయి కార్మికుల కాలనీలో పుట్టి పెరిగాను. మట్టి గురించి నాకేమీ తెలియదు. చెన్నూరు దగ్గర, గోదావరి పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాకే నాట్లు వేయడం నేర్చుకున్నాను. నేర్పింది మా అత్తమ్మ. నారు పీకే మొదటి రోజునే నేను వేళ్లకున్న మట్టిని దులుపుతుంటే చెయ్యి పట్టి ఆపింది.

"గట్ల దులుపకు పిల్లా. పుట్టిన మన్ను లేకుంటే మొక్క బెంగటిల్లుతది. ఆడపిల్లకు ఒడిబియ్యం పోసి పంపుతమా లేదా? నారుకు గూడ అంతే" అన్నది.

ఒడిబియ్యం అంటే మా వైపు పుట్టింటివాళ్లు కూతురి ఒడిలో బియ్యం, పసుపు పోసి సాగనంపడం. ఆ పోలిక నాకు ఎంత నచ్చిందంటే, నాకే తోచినట్టు పదిమందికీ చెప్పుకుంటూ తిరిగాను. నారుకు సంబంధించి అత్తమ్మకు ఇంకా కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మిగిలిన నారు అమ్మకూడదు. అడిగినవాళ్లకు లేదనకూడదు. ఇచ్చినప్పుడు వాళ్లూ వద్దనకూడదు. తీసుకున్న నారు వాపసు ఇచ్చారంటే ఇక ఆ రెండిళ్లకు పొత్తు తెగినట్టే. టమాటా అయినా, వంకాయ అయినా, మా మడిలో నారు మొలిస్తే సగం ఊరికి పోయేది. మా ఇంటికి మంచి పేరు ఉండేది. ఆ పేరు మీద నాకు మా అత్తమ్మ కంటే ఎక్కువ మోజు.

మా చేనుకు దిగువన ఒక అర ఎకరం ఉంది. దాన్ని ఒక ముస్లిం దంపతులు కొన్నారు. ఆయన ఊరూరా బట్టలమ్మేవాడు. ముసలితనంలో ఒక చోట కూర్చుందామని భూమి కొన్నాడు గానీ, కొన్న ఏడాదిలోపే గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. ఆమె ఒక్కతే మిగిలింది. నాకంటే ఎనిమిదేళ్లో పదేళ్లో పెద్దది. నేను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది.

ఆపా పుట్టిల్లు కరీంనగర్. అన్న అక్కడ హోటళ్లకు కూరగాయలు పంపే పని చేస్తాడు. చెల్లెలు ఒంటరిగా చేను దగ్గర రేకుల ఇంట్లో ఉండడం ఆయనకు నచ్చలేదు. భూమి అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్యమన్నాడు. ఆపా బతిమాలింది. చివరికి రెండు చలికాలాలు గడువిచ్చాడు. పంట నిలబడితే ఉండొచ్చు, లేకపోతే రావాలి.

"మా భాయి మంచోడే చెల్లె. కని ఆ ఇంట్ల పొయ్యి మా వదినది. నా పొయ్యి నాకుండాలె. ఒకళ్ల పొయ్యి కాడ రొట్టె కోసం నిలవడుడు నాతోని కాదు" అనేది ఆపా.

ఆమెకు కావలసింది అంతే. ఒక పొయ్యి. దాని కింద తన పేరు మీద ఇంత నేల.

లెట్యూస్ ఆకు సంగతి చెప్పింది ఆ అన్నే. కరీంనగర్‌లో బర్గర్ దుకాణాలు పెరిగాయి, ఆకు ఎంత పంపినా తీసుకుంటానన్నాడు. మా వైపు చలి ఎక్కువ కదా, ఆ పంటకు చలే కావాలట. ఆపా తన అర ఎకరంలో, నేను మా చేనులో ఒక పక్క పది గుంటల్లో పచ్చ నెట్టు కట్టి వేశాము. మా అత్తమ్మ ఒక ఆకు తుంపి నమిలి, "పప్పుల ఎయ్యస్తదా?" అని అడిగింది. వండితే నీళ్లయిపోతుందన్నాను. "మరి గిది బర్లు తినేదా, మనుషులు తినేదా?" అన్నది. ఊళ్లో దానికి బర్రె ఆకు అనే పేరు పడిపోయింది.

మొదటి ఏడు ఆపా కరీంనగర్ నర్సరీ నుంచి ట్రేలలో కొబ్బరి పొట్టులో పెంచిన నారు తెప్పించుకుంది. మా ఆయన మాత్రం హైదరాబాదు పక్కన ఎవరిదో తోట చూడడానికి పోయి, అక్కడి నుంచి నారును మట్టి గడ్డలతోనే తడి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. "గిది అసలు నారు. పొట్టుల పెరిగింది నారేనా?" అన్నాడు. నేనూ అవునన్నాను.

ఆ చలికాలం ఆపా ఆకు ముద్దుగా వచ్చింది. నాది కూడా వచ్చింది, ఒక్క మూల తప్ప. పైపు అతుకు కారి ఎప్పుడూ తడిగా ఉండే మూల అది. అక్కడ ఆకులు మందంగా, బిరుసుగా నిలబడ్డాయి. ముడుచుకుని గడ్డ కట్టలేదు. ఈనెలు మాత్రం ఉబ్బి, ఎండకు పెట్టి చూస్తే నీళ్ల గీతల్లా కనిపించేవి. చలికి అట్లా అయిందనుకున్నాను. ఆ మూలంతా కోసి బర్రెకు వేశాను. ఆపాకు చెప్పలేదు. పక్క చేనులో ఆమె ఆకు నిగనిగలాడుతుంటే నా ఆకు పాడైందని చెప్పుకోవడం నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు అనుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది గానీ, అప్పుడు జరిగింది అదే.

శివరాత్రి నాటికి ఎండ ముదిరింది. కోసిన మొదళ్లకు మళ్లీ కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. పీడ పోయిందనుకున్నాను.

రెండో ఏడు కార్తీకానికి ముందు, నీళ్లు దగ్గరగా ఉంటాయని సరిగ్గా ఆ మూలనే తవ్వి నారుమడి పోశాను. నారు బ్రహ్మాండంగా మొలిచింది. అంతలో మా ఆయన మనసు మార్చుకుని, "బర్రె ఆకు బందు, మక్క ఎయ్యాలె" అని మక్కజొన్న విత్తాడు. నా నారు మొత్తం మిగిలిపోయింది. అదే వారం ముసురు పట్టి, ఆపా తెప్పించుకున్న ట్రేలు నానిపోయాయి. నాలుగు రోజుల వానకు నారు కుళ్లిపోయింది. మూడు పిరికిళ్లు మాత్రమే మిగిలాయి. ఆపా గట్టు మీద కూర్చుని ఆ ట్రేలను చూస్తుంటే నేను పక్కకు వెళ్లాను.

"ఫికర్ ఎందుకు ఆపా? నా మడి నిండ నారున్నది, తీస్కపో" అన్నాను.

ఆమె వెంటనే చెయ్యి చాపలేదు. "భాయిని మల్ల ట్రేలు పంపుమంట చెల్లె. వారం ఆలిశమైతే అయితది" అన్నది మెల్లగా.

నాకు సర్రున కోపం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, అది అందరికీ తెలిసిందే. "ఊరంత మా నారు నాటుకుంటది, నీకు పనికిరాదా? పట్నంల పుట్టినోళ్లకు మా మన్ను రోతనా?" అనేశాను.

ఆపా ముఖం చిన్నబోయింది. లేచి వచ్చి కొంగు పట్టింది. "పొయ్యి చెల్లె, నీ ఒడిబియ్యం" అని నవ్వింది. నేను మట్టి గడ్డలతో సహా ఆమె ఒడిలో నారు పోశాను. మా అత్తమ్మ కూడా వచ్చి తన చేత్తో ఒక పిడికెడు వేసింది. నేల బురదగా ఉంది. ఆపా చెప్పులు చేతిలో పట్టుకుని, వట్టి కాళ్లతో మా నారుమడిలో నుంచి తన చేనులోకి దిగి వెళ్లింది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. పుట్టింటి నుంచి ఆడబిడ్డను సాగనంపినట్టు గట్టు దాకా వెళ్లాను.

నీళ్లు కూడా నావే. ఆమెకు బోరు లేదు. మా మోటరు నుంచి ఒక మట్టి కాలువ, ఆ మూల పక్క నుంచే పారి ఆమె చేనుకు పోయేది.

ఎగువ సగంలో నా నారు నాటింది ఆపా. దిగువ సగం రెండో విడతకు దున్ని ఉంచింది. చలి ముదిరాక, గోదావరి మీది మంచు పొద్దెక్కినా పోని రోజుల్లో, ఒక ఉదయం పరుగెత్తుకొచ్చింది.

"చెల్లె, జర ఇటు రా. ఆకులకు నరాలు ఉబ్బినయ్."

నేను వెళ్లి చూశాను. చూసిన క్షణమే నాకు తెలిసిపోయింది. అదే బిరుసు, అవే నీళ్ల గీతలు, కానీ ఈసారి ఒక మూల కాదు, సాళ్లకు సాళ్లు. "చలికి గట్లనే ఐతది ఆపా" అన్నాను.

అన్న దగ్గరికి పంపిన పెట్టెలు తిరిగొచ్చాయి. ఆకు చేదుగా, తోలులా ఉందని దుకాణాలవాళ్లు వద్దన్నారట. ఆ తరువాత ఎవరో చెబితే, మొక్కల రోగాల మీద పనిచేసే ఒక సారు వచ్చాడు. చిన్న వయసు, ఓపిక గల మనిషి. నేనూ ఆపా గట్టు మీద నిలబడి ఉన్నాము. మా ఆయన మంచిర్యాల పోయాడు. సారు ఒక మొక్క పీకి వేళ్లు కడిగి చూశాడు. పరీక్షకు పంపుతానన్నాడు గానీ, రోగమేదో తనకు తెలిసినట్టే మాట్లాడాడు.

"గిది పురుగుతోని రాదమ్మా, గాలితోని రాదు. మన్నుతోని వస్తది. మట్టిల కంటికి కనపడని బూజు తీరుది ఒకటుంటది. తడి దొరికితే నీళ్లల్ల ఈదుకుంట వేరు కాడికి పోతది. రోగం తెచ్చే వైరస్ దానెంబడి వేర్లకు దిగుతది. పారకంటిన మన్ను, కాళ్లకంటిన మన్ను, నారు గడ్డ, కాలువ నీళ్లు, ఏది దొరికితే గదే దానికి బండి. మందు లేదు. ఒకసారి చేన్ల వడ్డదంటే ఏండ్లకేండ్లు మట్టిల పండుకోని ఉంటది. చలిలనే బయట పడుతది. ఎండలు ముదిరితే ఆకు మంచిగనే కనవడుతది, కని రోగం యాడికి పోదు."

శివరాత్రి నాటి శుభ్రమైన ఆకులు నా కళ్ల ముందు కదిలాయి.

"నారు ఎక్కడిది?" అని అడిగాడు సారు.

ఆపానే చెప్పింది. "ట్రేల నారు సారూ. కరీంనగర్ నుంచి తెప్పిచ్చిన."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. సారు కాలువ వైపు తిరిగి, "నీళ్లు ఈమె చేన్ల నుంచి వస్తున్నయి గదా? అమ్మా, మీ దాంట్ల ఎప్పుడన్న గిట్లయిందా?" అని నన్ను అడిగాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను చీరకొంగు సర్దుకున్నాను. "లేదు సార్" అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పుకోవడానికి చాలా కారణాలున్నాయి. ఊళ్లో మా నారు పేరు పోతుంది. అత్తమ్మ తల దించుకుంటుంది. ఆపానే దాచిపెట్టింది కదా, నేను బయటపెట్టడమెందుకు? ఇవన్నీ కారణాలే, నిజమే. కానీ అసలు సంగతి ఏమిటంటే నేను భయపడ్డాను. అంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

సారు, "అయితే నీళ్లతోని ఫికర్ లేదు. ఎగువ సగం ఇడిసిపెట్టుండ్రి. అక్కడి పార, అక్కడి కాళ్లు దిగువకు తేకుండ్రి. దిగువకు కాలువ సక్కగ ఇంకో పక్క నుంచి తిప్పుకోని, వేరే నర్సరీ నారు నాటుండ్రి. కొంతన్న దక్కుతది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆపా ముఖంలో మళ్లీ ఆశ వచ్చింది. ఆయన చెప్పినదంతా తూచా తప్పకుండా చేసింది. కొత్త పార కొన్నది. దిగువకు వేరే చెప్పులు పెట్టుకుంది. ఎగువ సగం తగలకుండా పక్క నుంచి కొత్త కాలువ తవ్వుకుంది. కానీ ఆ కాలువ మొదలయ్యేది మా మూల నుంచే. ఎంత జాగ్రత్తగా తవ్విందో నేను మక్కజొన్న చేనులో నిలబడి చూశాను. రోజూ మోటరు వేసేది నేను. మీట నొక్కే ప్రతిసారీ, ఇయ్యాల చెప్పాలె అనుకునేదాన్ని. మోటరు కాలిపోయిందని అబద్ధమన్నా చెప్పొచ్చు. ఒక మంచి అబద్ధం కూడా చెప్పలేకపోయాను. మింగలేక కక్కలేక నెల గడిచింది.

నెల దాటిందో లేదో, దిగువ సగంలో కూడా ఈనెలు ఉబ్బాయి. కాలువ పొడుగునా మొదలై లోపలికి పాకాయి.

ఆపా ఈసారి పరుగెత్తుకు రాలేదు. గట్టు మీద కూర్చుని ఉంటే నేనే వెళ్లాను. "ఇంకేం చేస్త చెల్లె. నసీబు" అన్నది. చలికాలాలు రెండూ అయిపోయాయి. అన్న ఆటో తీసుకుని వచ్చాడు. గిన్నెలు, మంచం, రెండు పెట్టెలు ఎక్కించాడు. మట్టి పొయ్యి ఆటోలో పట్టలేదు. పట్టినా అక్కడ దానితో పనిలేదు. భూమిని ఎవరో పత్తి వేసుకునేవాళ్లు కొన్నారు. పత్తిని ఆ రోగం ఏమీ చేయదట.

ఆమె పోయిన తరువాతే తొట్టి కట్టించాను. మా ఆయనకు అన్నీ చెప్పాను. ఆయన, "అయ్యో అంటే ఆరు నెలల పాపం చుట్టుకున్నది నీకు. మంచికి పోయినవ్" అన్నాడు. నన్ను ఓదార్చాలనే అన్నాడు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. అయ్యో అన్నందుకు కాదు, ఆ తరువాత నోరు మూసుకున్నందుకు చుట్టుకున్న పాపం అది.

ఈ ఏడు వానలు మొదలయ్యాక కరీంనగర్ వెళ్లాను. చేతిలో వంకాయ నారు ఉంది. కొత్త కొబ్బరి పొట్టులో, ఇంటి డాబా మీద, తాగే నీళ్లు పోసి పెంచాను. అయినా బయలుదేరే ముందు వేళ్లు మూడుసార్లు కడిగి తడి కాగితంలో చుట్టాను. తెల్లటి వేళ్లు. పుట్టింటి మట్టి రవ్వ కూడా లేదు.

ఆపా వాళ్ల అన్న ఇల్లు మూడో అంతస్తు. ఆమె వంటింట్లో రొట్టెలు చేస్తోంది. నన్ను చూసి పిండి చేతులతోనే కావలించుకుంది. చిక్కిపోయింది. లోపలి గదిలో నుంచి వదిన, పెద్ద మంట పెట్టొద్దని ఉర్దూలో కేకేసింది. ఆపా మంట తగ్గించి, నన్ను డాబా మీదికి తీసుకెళ్లింది. అక్కడ ఒక పాత థర్మకోల్ పెట్టెలో కొత్తిమీర పెంచుతోంది. మేము లెట్యూస్ పంపిన పెట్టే అది.

కాగితం విప్పింది. వేళ్ల వైపు చాలాసేపు చూసింది.

"కడిగినవా చెల్లె?"

"కడిగిన ఆపా. మన్ను తగులనియ్యలే."

"నారు సంగతి నాకు గా రోజే ఎరుక" అన్నది. "నా ట్రేల నారు మూడు పిరికిళ్లు నాటిన గదా, గవి మంచిగనే ఉండె. నీది నాటిన కాడనే ఉబ్బినయ్. నువ్వు దిల్‌తోని ఇచ్చినవ్. నలుగుట్ల నీ ఇజ్జత్ పోవుడెందుకని సారుకు అట్ల చెప్పిన."

అక్కడితో ఆగి, ఆమె చేతులు పట్టుకుని ఏడ్చి, టీ తాగి వచ్చి ఉంటే, మా మధ్య ఆ పొత్తు మిగిలేది. కానీ ఆమె అంత మంచిగా మాట్లాడుతుంటే తట్టుకోలేకపోయాను.

"నారు ఒక్కటే గాదు ఆపా" అన్నాను. మూల సంగతి చెప్పాను. ముందటేడు ఆకులు చూశానని, బర్రెకు వేసి దాచానని, కొత్త కాలువ కూడా ఆ మూల నుంచే పారిందని చెప్పాను.

ఆమె కొత్తిమీర పెట్టె అంచు పట్టుకుని నిలబడింది.

"సారు అడిగితే లేదన్నవ్ గదా."

"అన్న."

"నేను పక్కనే ఉన్న."

"ఉన్నవ్ ఆపా."

"గా రోజుకు నా దిగువ సగం ఇంక నాటలే" అన్నది.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నారును మళ్లీ కాగితంలో చుట్టింది. మొక్కలు నలగకుండా, నేను చుట్టినదానికంటే పొందికగా చుట్టింది. తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"తీస్కపో చెల్లె. నేను పెంచలేను."

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నారు ఒళ్లో పెట్టుకున్నాను. మంచిర్యాల దాటాక పక్క సీట్లో ఒక ఆమె, పొలం పని చేసే మనిషి, కాగితం వైపు చూసి పలకరించింది.

"వంకాయ నారా అక్కా? మంచిగున్నది. మా పెరట్ల ఏసుకుంట, రెండియ్యరాదు?"

అత్తమ్మ దగ్గర నేర్చుకున్న ఇన్నేళ్లలో, అడిగినవాళ్లకు నారు లేదన్నది లేదు. అందులో మట్టి లేదు, రోగం లేదు, మూడుసార్లు కడిగిన వేళ్లు. అయినా నా చెయ్యి లేవలేదు.

"నారు లేదమ్మా" అన్నాను.

నా ఒళ్లో ఆమెకు కనపడుతూనే ఉంది.